కేటగిరీ పేజీ అడుగున 1500 పదాలు రాయిస్తే చేనేత చీరల సైటు గూగుల్లో పైకొస్తుందా?

#1 మగ్గంగడప
అందరికీ నమస్కారం. మాది మంగళగిరి. నేతగాళ్ళ దగ్గర చీరలు తీసుకుని అమ్మడం నాన్నగారి కాలం నుంచి మా ఇంటి వ్యాపారం. ఇప్పుడు వూకామర్స్ (ఆన్‌లైన్ అంగడి నడిపే సాఫ్ట్‌వేర్) మీద సొంత సైటు నడుపుతున్నాం. మంగళగిరి, గద్వాల్, పోచంపల్లి, ఉప్పాడ, ఒక్కోదానికి ఒక్కో కేటగిరీ పేజీ. పైన పేరు, కింద ఫొటోలు. అంతకుమించి ఆ పేజీల్లో ఒక్క వాక్యం లేదు.

ఒక ఏజెన్సీ వాళ్ళు ప్రతి కేటగిరీ అడుగునా 1500 పదాల వ్యాసం ఉండాలన్నారు. అందులో ‘మంగళగిరి చీరలు ఆన్‌లైన్’ అన్న మాట వంద పదాలకి మూడుసార్లు పడాలట. నమూనా కూడా పంపారు. “చీర భారతీయ స్త్రీ సౌందర్యానికి ప్రతీక” అని మొదలైంది. మా అమ్మ మొత్తం చదివి “ఇందులో మన చీర గురించి ఏముందిరా?” అంది.

డబ్బు కట్టేముందు ఇక్కడ అడుగుదామని వచ్చాను. పేజీలో రాత వల్ల ర్యాంకు మారుతుందా? మారితే ఎంత రాయాలి, ఎక్కడ రాయాలి?

#2 ఓరుగల్లు_వెబ్
మారుతుంది. కాకపోతే పదాలు లెక్కపెట్టడం వల్ల మారదు. పదాల సంఖ్య ర్యాంకింగ్ అంశం కాదని గూగుల్ తరఫున వెబ్‌సైట్ల వాళ్ళతో మాట్లాడే జాన్ మ్యూలర్ చాలాసార్లు చెప్పాడు. వందకి మూడు అన్న లెక్క గూగుల్ రాసిన ఏ మార్గదర్శకంలోనూ లేదు. ఒకే మాటని పదేపదే దూర్చడాన్ని మాత్రం వాళ్ళ స్పామ్ విధానాల్లో (ర్యాంకు కోసం చేసే మోసాల మీద పెట్టిన నియమాల్లో) పేరుపెట్టి మరీ తప్పుపట్టారు. వాళ్ళు ‘మెటా కీవర్డ్స్’ (పేజీ కోడ్‌లో కనబడకుండా పెట్టే మాటల జాబితా) నింపుతామని కూడా అంటే, ఆ ట్యాగ్‌ని వెబ్ ర్యాంకింగ్‌కి వాడడం లేదని గూగుల్ 2009లోనే ప్రకటించిందని చెప్పండి.

రాత చేసే అసలు పని వేరు. మీ పేజీ ఏయే వెతుకులాటలకి పోటీలో నిలబడగలదో అది నిర్ణయిస్తుంది. ఎవరో ‘నిజాం బోర్డర్ మంగళగిరి నూలు చీర’ అని వెతికారనుకోండి. మీ దగ్గర అలాంటివి బోలెడు ఉండొచ్చు, ఫొటోల్లో కనబడుతూనే ఉండొచ్చు. పేజీలో ఎక్కడా ఆ మాట అక్షరాల్లో లేకపోతే గూగుల్‌కి అది తెలిసే దారి చాలా సన్నం. మీ ప్రొడక్టులకి పేర్లు ఎలా పెట్టారు?

#3 మగ్గంగడప
ఎంజీ 1043, ఎంజీ 1044, అలా. స్టాక్ పుస్తకంలో ఉన్న నంబర్లే.

#4 ఓరుగల్లు_వెబ్
అయితే 1500 పదాల సంగతి పక్కన పెట్టి ముందు అది మార్చండి. ‘ముదురాకుపచ్చ మంగళగిరి నూలు చీర, నిజాం బోర్డర్’ అని పేరు ఉంటే అదే టైటిల్ ట్యాగ్‌లోకి (పేజీకి కోడ్‌లో ఇచ్చే పేరు), పేజీ పెద్ద శీర్షికలోకి, కేటగిరీ పేజీలో ఫొటో కింద లింకులోకి వెళ్తుంది. ఒక్క మార్పుతో మీ కేటగిరీ పేజీ నిండా అర్థమున్న మాటలు వచ్చేస్తాయి. నంబరు కావాలంటే స్టాక్ కోడ్ గడిలో పెట్టుకోండి. వూకామర్స్‌లో దానికి వేరే చోటే ఉన్నది.

#5 పచ్చడిజాడీ
పెద్ద రాత పనికిరాదంటే నేను ఒప్పుకోను. మాది పచ్చళ్ళ సైటు. గోంగూర పచ్చడి పేజీలో రెండు లైన్లే ఉన్నప్పుడు మేం ఎక్కడా కనబడలేదు. బాగా పొడుగ్గా రాశాకే మొదటి పేజీలోకి వచ్చాం. ఇప్పటికీ అక్కడే ఉన్నాం. అనుభవం మీద చెప్తున్నాను.

#6 ఓరుగల్లు_వెబ్
మీ అనుభవాన్ని కాదనడం లేదు గురూ. ఆ పొడుగు రాతలో ఏం రాశారో కాస్త చెప్తారా?

#7 పచ్చడిజాడీ
పుల్ల గోంగూరా, కొండ గోంగూరా, ఏది వాడతామో. నువ్వుల నూనెలో పెడతామని. ఫ్రిజ్‌లో పెట్టకపోతే ఎన్నాళ్ళు నిలవుంటుందో. వెల్లుల్లి లేనిది కావాలంటే విడిగా ఉందని. అమెరికాకి పంపేటప్పుడు నూనె కారకుండా ఎలా ప్యాక్ చేస్తామో. ఫోన్లో రోజూ అడిగేవే అన్నీ ఒకచోట రాశాను.

#8 ఓరుగల్లు_వెబ్
చూశారా, మిమ్మల్ని పైకి తెచ్చింది అదే. ‘వెల్లుల్లి లేని గోంగూర పచ్చడి’ అని వెతికేవాళ్ళకి మీ పేజీలో సమాధానం దొరికింది. ఇవన్నీ చెప్పాలంటే రాత దానంతటదే పొడుగవుతుంది. ఇంతే సమాచారాన్ని సగం పదాల్లో చెప్పినా ఫలితం అటూఇటుగా ఇలాగే ఉండేదని నా నమ్మకం. చెప్పడానికేమీ లేకుండా 1500 పదాలు నింపితే అందులో ఒక్క కొత్త ప్రశ్నకీ జవాబు ఉండదు.

#9 నూలుపోగు
ఇంకో కోణం. ఆన్‌లైన్ అంగళ్ళ కేటగిరీ పేజీల అడుగున వ్యాసాలు పెట్టడం గురించి మ్యూలరే మాట్లాడాడు. అంత పెద్ద వ్యాసం కింద వేలాడుతుంటే, ఈ పేజీ కొనడానికి వచ్చేవాళ్ళకా, చదువుకోడానికి వచ్చేవాళ్ళకా అన్నది గూగుల్‌కే అయోమయమవుతుందని ఆయన ఉద్దేశం. రాత అసలు వద్దనలేదు. పేజీ దేని గురించో తెలిసేంత ఉంటే చాలన్నాడు.

కాబట్టి రెండుగా విడగొట్టండి. కొనేవాళ్ళకి కావలసింది కేటగిరీ పేజీ పైభాగంలో, నాలుగైదు వాక్యాల్లో. ‘అసలు పోచంపల్లినీ ప్రింటునీ గుర్తుపట్టడం ఎలా’, ‘గద్వాల్ చీర ఇంట్లో ఉతకొచ్చా’ లాంటివి వేరే పేజీలుగా రాసి, అక్కడి నుంచి కేటగిరీకి లింకు ఇవ్వండి. ఆ లింకు మీద ‘ఇక్కడ నొక్కండి’ అని కాకుండా ‘గద్వాల్ చీరలు’ అని ఉండాలి. ఆ రెండు మాటలు కూడా రాతే. అవతలి పేజీ దేని గురించో గూగుల్ వాటిని బట్టి కూడా అర్థం చేసుకుంటుంది.

#10 గుంటమగ్గం
నేత కుటుంబంలో పుట్టినవాణ్ణి, ఇప్పుడు హైదరాబాద్‌లో వెబ్ పని చేస్తున్నాను. మగ్గంగడప గారూ, మీ వ్యాపారానికి ఒక ప్రత్యేకమైన చిక్కుంది, దాని గురించి ఇంకా ఎవరూ మాట్లాడలేదు.

ఫోన్లు అమ్మేవాడికి ఒక మోడల్ పేజీ ఏళ్ళ తరబడి ఉంటుంది. చేనేతలో చాలా చీరలు ఒక్కటే పీసు. అమ్ముడైపోయాక ఆ పేజీ ఖాళీ. మీరు ఎంతో శ్రద్ధగా రాసిన వివరణ, దానికి వచ్చిన లింకులు, కొన్నవాళ్ళు రాసిన అభిప్రాయాలు, అన్నీ ఆ పేజీతోపాటే పోతాయి. కొత్త చీర పేజీని గూగుల్ చూసి ఇండెక్స్ చేసేలోపే (తన జాబితాలో చేర్చుకునేలోపే) అదీ అమ్ముడైపోవచ్చు. అలాంటప్పుడు ప్రొడక్టు పేజీల మీద ర్యాంకు ఆశలు పెట్టుకోవడం దండగ. నిలిచే పేజీ ఏదో దాని మీద రాయాలి. మీ విషయంలో అది కేటగిరీ పేజీ, దాని కింద ఉపకేటగిరీలు.

నేనైతే ఇలా చేస్తాను. మంగళగిరి కింద నూలు, పట్టు అని రెండు. గద్వాల్ కింద నూలు ఒంటికి పట్టు అంచు కలిపినవి, మొత్తం పట్టువి. పోచంపల్లి కింద సింగిల్ ఇక్కత్, డబుల్ ఇక్కత్ (నేయకముందే నూలుకి రంగు వేసే పద్ధతిలో రెండు రకాలు). చీరలు వచ్చిపోతుంటాయి, ఈ పేజీలు మాత్రం ఉంటాయి. ఒకే డిజైన్ నాలుగు రంగుల్లో వస్తే నాలుగు పేజీలు వద్దు, ఒకే పేజీలో వేరియేషన్లుగా పెట్టండి. ఒక రంగు అయిపోయినా పేజీ బతికే ఉంటుంది.

#11 మగ్గంగడప
ఇది నాకు ఎవరూ చెప్పలేదు అన్నా. మరి అమ్ముడైన చీర పేజీని ఏం చెయ్యాలి? ఇప్పుడు అన్నీ హోమ్ పేజీకి మళ్ళిస్తున్నాం.

#12 గుంటమగ్గం
హోమ్ పేజీకి మళ్ళించడం మానెయ్యండి. సంబంధం లేని పేజీకి మళ్ళిస్తే గూగుల్ దాన్ని ‘సాఫ్ట్ 404’గా, అంటే లేని పేజీగానే లెక్కేస్తుంది. కొనడానికొచ్చిన మనిషికీ ఏమీ అర్థం కాదు. అలాంటిది మళ్ళీ నేయిస్తారనుకుంటే పేజీ అలాగే ఉంచి ‘ప్రస్తుతం లేదు’ అని రాయండి, స్ట్రక్చర్డ్ డేటాలో (గూగుల్ కోసం కోడ్‌లో పెట్టే వివరాల్లో) కూడా స్టాక్ లేదని మార్చండి, కింద అదే రకం చీరలు చూపించండి. ఇక రాదు అనుకుంటే నిజమైన 404 గానీ (పేజీ లేదని చెప్పే కోడ్) 410 గానీ (పేజీ తీసేశామని చెప్పే కోడ్) ఇవ్వండి. రెంటికీ పెద్ద తేడా లేదు. పేజీలు పోవడం అంగడికి సహజమే, దానికి శిక్షేమీ ఉండదు.

#13 డల్లాస్_తెలుగు
నేను కొనేవాళ్ళ వైపు నుంచి చెప్తాను. ఇక్కడ కూర్చుని చీర కొనాలంటే చేత్తో పట్టుకుని చూడలేం. రాతే నాకు దిక్కు. బరువెంత, ఒళ్ళు పలచగా ఉంటుందా, బ్లౌజు గుడ్డ కలిసి ఉందా విడిగానా, పొడవెంత, ఫొటోలో రంగుకీ అసలు రంగుకీ ఎంత తేడా. సగం సైట్లలో ‘అద్భుతమైన’, ‘సాటిలేని’ తప్ప ఇవేవీ ఉండవు. ఉన్న సైటు దొరికితే ధర కొంచెం ఎక్కువైనా అక్కడే కొంటాను.

ఇంకో సంగతి. నేను వెతికేది ఇంగ్లీషు అక్షరాల్లోనే. పోచంపల్లి అని ఒకసారి చివర ‘ఐ’తో కొడతాను, ఇంకోసారి ‘వై’తో. మరి మీరు తెలుగులో రాస్తే నాకు కనబడతారా?

#14 నూలుపోగు
స్పెల్లింగ్ తేడాల గురించి బెంగ వద్దు. ఊరి పేర్లలో ఇలాంటివి గూగుల్ బాగానే కలుపుకుంటుంది. ఐదు రకాల స్పెల్లింగులూ పేజీలో కుక్కక్కర్లేదు. బాగా వాడుకలో ఉన్నది ఒకటి ఎంచుకుని అంతటా అదే వాడండి.

భాష సంగతి మాత్రం జాగ్రత్తగా చూడాలి. పేజీ ఏ భాషదో గూగుల్ కనబడే రాతని బట్టే తేల్చుకుంటుంది, కోడ్‌లో భాష పేరు ఏం రాశారన్నది చూడదు. ఒకే పేజీలో ఒక పేరా తెలుగు, దాని పక్కనే ఇంగ్లీషు అనువాదం పెట్టొద్దని వాళ్ళ సూచన. రెండు భాషలూ కావాలంటే రెండు వేర్వేరు యూఆర్ఎల్‌లు (పేజీ చిరునామాలు) పెట్టి, హెచ్‌రెఫ్‌ల్యాంగ్‌తో (ఇదే పేజీ రెండో భాషలో ఎక్కడుందో చెప్పే కోడ్) ఒకదానికొకటి చూపించండి. అమ్మకాలు ఎక్కువ ఇంగ్లీషు వెతుకులాటల నుంచే వస్తుంటే కేటగిరీలు ముందు ఇంగ్లీషులో గట్టిగా రాయండి. తెలుగు పేజీలు కూడా తప్పకుండా ఉండాలని నా పట్టు. ఎందుకంటే చేనేత గురించి తెలుగులో సరైన రాత నెట్‌లో చాలా తక్కువ. ఆ ఖాళీని అసలు సరుకున్నవాళ్ళు నింపకపోతే వేరేవాళ్ళు నోటికొచ్చింది రాసి నింపుతారు.

#15 సర్వర్‌గది
టెక్నికల్‌గా నాలుగు ముక్కలు. రాత ఎంత బాగున్నా గూగుల్ చదవలేని చోట ఉంటే లేనట్టే.

చాలామంది చీర వివరాలు, ధర, ఆఫరు అన్నీ కలిపి వాట్సాప్ పోస్టర్‌లా బొమ్మ చేసి పెడతారు. ఆ బొమ్మలోని అక్షరాలు పేజీ రాత కింద లెక్క కాదు. మామూలు అక్షరాల్లో రాయాలి. బొమ్మకి ఆల్ట్ టెక్స్ట్ (బొమ్మలో ఏముందో చెప్పే మాటలు) ఇవ్వండి, అది కూడా ఉన్నది ఉన్నట్టు.

‘ఇంకా చదవండి’ అని నొక్కితే తెరుచుకునే రాత, ట్యాబుల్లో ఉండే రాత లెక్కలోకి వస్తాయా అని చాలామందికి అనుమానం. పేజీ లోడ్ అయినప్పుడే ఆ అక్షరాలు హెచ్‌టీఎంఎల్‌లో (పేజీ కోడ్‌లో) ఉంటే వస్తాయి. నొక్కాకే సర్వర్ నుంచి తెచ్చేదైతే రావు, గూగుల్‌బాట్ (పేజీలు చదివే గూగుల్ ప్రోగ్రామ్) బటన్లు నొక్కదు కాబట్టి. తెల్ల నేపథ్యం మీద తెల్ల అక్షరాలు మాత్రం పూర్తిగా వేరే కేసు, అది స్పామే.

గూగుల్ ఇప్పుడు చదివేది మీ మొబైల్ రూపాన్ని. డెస్క్‌టాప్‌లో ఉండి, ఫోన్లో థీమ్ తీసేసిన పేరా ఏదైనా ఉంటే దాన్ని మర్చిపోండి. సెర్చ్ కన్సోల్‌లో (మీ సైటు గూగుల్లో ఎలా ఉందో చూపే గూగుల్ సాధనం) యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్ తెరిచి, గూగుల్‌కి అందిన హెచ్‌టీఎంఎల్ చూసి అందులో మీ వాక్యం వెతకండి. దొరికితే చదివినట్టే. కొన్నవాళ్ళ అభిప్రాయాలు వేరే కంపెనీ విడ్జెట్‌తో వస్తుంటే వాటినీ ఇలాగే చూడండి. ‘అంచు మెత్తగా ఉంది, కుచ్చిళ్ళు బాగా నిలిచాయి’ లాంటి వాక్యం మీరు రాయలేరు, కట్టుకున్నవాళ్ళే రాస్తారు. అది కనబడకుండా పోకూడదు.

#16 పచ్చడిజాడీ
నాదో ప్రశ్న. మా పచ్చళ్ళు పెద్ద మార్కెట్‌ప్లేసుల్లో కూడా పెడుతున్నాం, అదే వివరణ అక్కడా ఇక్కడా. డూప్లికేట్ కంటెంట్ అని శిక్ష పడుతుందా?

#17 ఓరుగల్లు_వెబ్
శిక్ష అంటూ ఏమీ లేదు, ఈ మాట గూగుల్ 2008లోనే వివరంగా రాసింది. జరిగేదేమిటంటే, ఒకే రాత పలుచోట్ల కనబడితే సాధారణంగా ఒకదాన్నే చూపిస్తుంది. ఆ ఒకటీ మీ సైటే అవుతుందన్న హామీ లేదు. పెద్ద సైటు వైపే మొగ్గు ఉండొచ్చు. అక్కడ పొట్టి వివరణ పెట్టి, పూర్తిది మీ సొంత సైటుకే ఉంచుకోండి.

#18 మగ్గంగడప
అందరూ చెప్పింది విని రాత్రి కూర్చుని మంగళగిరి నూలు పేజీకి రాశాను. అమ్మ చెప్తుంటే నేను టైపు చేశాను. చూసి దిద్దండి:

“మంగళగిరి నూలు చీరలు. గుంట మగ్గం మీద 80 కౌంట్ నూలుతో చేత్తో నేసినవి. ఒళ్ళు సాదాగా ఉంటుంది, అందం అంతా జరీ అంచులోనూ కొంగు చారల్లోనూ ఉంటుంది. చిన్న అంచు, పెద్ద అంచు, నిజాం బోర్డర్ మూడూ దొరుకుతాయి. బ్లౌజు గుడ్డతో కలిపి 6.2 మీటర్లు. మొదటిసారి విడిగా, చన్నీళ్ళలో ఉతకండి. పలచగా గంజి పెట్టి ఇస్త్రీ చేస్తే కుచ్చిళ్ళు చక్కగా నిలబడతాయి. మా మంగళగిరి చీరలు నాణ్యతకీ నమ్మకానికీ మారుపేరు.”

#19 గుంటమగ్గం
అమ్మగారికి నమస్కారాలు చెప్పండి. ఆ చివరి వాక్యం ఒక్కటి తీసెయ్యండి, అది ఎవరి సైటులోనైనా ఉంటుంది. దాని చోట హ్యాండ్లూమ్ మార్క్ (చేనేతకి ప్రభుత్వం ఇచ్చే గుర్తు) ఉంటే ఆ సంగతి రాయండి. ఎండాకాలం ఆఫీసుకి కట్టుకోవచ్చా, ఫంక్షన్‌కి బాగుంటుందా అన్నది కూడా ఒక వాక్యం వెయ్యండి, జనం అలా వెతుకుతారు. ధర ఎంత నుంచి ఎంత వరకో కూడా పెట్టండి.

గద్వాల్ పేజీ రాసేటప్పుడు ‘కుప్పడం’, ‘కోటకొమ్మ’ అన్న మాటలు వదలొద్దు. పట్టు అంచుని నూలు ఒంటికి మగ్గం మీదే కలిపే పద్ధతి కుప్పడం, అంచులో గోపురంలాంటి నమూనా కోటకొమ్మ. ఆ నేత వల్లే అది గద్వాల్ అయింది. తెలిసి కొనేవాళ్ళు ఆ మాటలతోనే వెతుకుతారు. పోచంపల్లికి, నూలుకే ముందు చిటికి (ముడులు) కట్టి రంగు వేస్తారు కాబట్టి డిజైన్ రెండువైపులా ఒకేలా కనబడుతుందని, గీతల అంచులు కాస్త చెదిరినట్టుంటాయని రాయండి. ప్రింట్ చీరలు ‘ఇక్కత్’ పేరుతో అమ్ముడవుతున్న రోజుల్లో ఆ ఒక్క వాక్యం నేతగాడికి మీరు చేసే న్యాయం. ఫొటో కూడా రెండువైపులా తీసి పెట్టండి.

#20 రాయదుర్గం_కీబోర్డ్
ఇదంతా ఏఐకి చెప్తే నిమిషంలో రాసిస్తుంది కదా, అమ్మగారిని ఎందుకు కష్టపెట్టడం?

#21 నూలుపోగు
ఏఐతో రాశారా, చేత్తో రాశారా అన్నది తమకు ముఖ్యం కాదని, రాత ఉపయోగపడుతోందా అన్నదే చూస్తామని గూగుల్ 2023లో చెప్పింది. 2024 మార్చిలో స్పామ్ విధానాలు మార్చినప్పుడు, ర్యాంకుల కోసమే కుప్పలుగా పేజీలు పుట్టించడాన్ని నిషేధించింది, అవి ఎలా పుట్టినా సరే. కాబట్టి భాష సరిదిద్దుకోడానికి వాడుకోండి. మీ స్టాక్‌లో ఈ వారం వచ్చిన చీర అంచు ఎన్ని అంగుళాలో దానికి తెలియదు. కొలిచినవాళ్ళకే తెలుస్తుంది.

#22 మగ్గంగడప
చివరిగా రెండు అడుగుతాను. ఏజెన్సీ ప్యాకేజీలో ‘హైదరాబాద్‌లో మంగళగిరి చీరలు’, ‘విజయవాడలో మంగళగిరి చీరలు’ అని ఊరికొకటి చొప్పున పేజీలు కూడా ఉన్నాయి. ఊరి పేరు తప్ప మిగతా అంతా ఒకటే. అవి చేయించాలా? రెండోది, ఈ మార్పులు పని చేస్తున్నాయో లేదో నాకెలా తెలుస్తుంది?

#23 ఓరుగల్లు_వెబ్
ఊరి పేజీలు వద్దే వద్దు. వాటిని డోర్‌వే పేజీలంటారు, స్పామ్ విధానాల్లో నేరుగా ఉన్నది. మీకు నిజంగా అంగడి ఉన్న ఊరికైతే చిరునామా, వేళలు, ఫొటోలతో ఒక పేజీ ఉండొచ్చు. ప్రశ్నలు జవాబుల స్కీమా (ఇదీ స్ట్రక్చర్డ్ డేటానే) పెట్టి ఫలితాల్లో పెద్దగా కనబడేలా చేస్తామంటే అదీ నమ్మొద్దు. 2023 ఆగస్టులోనే గూగుల్ దాన్ని పేరున్న ప్రభుత్వ, ఆరోగ్య సైట్లకే పరిమితం చేసింది. ప్రొడక్టు స్కీమా మాత్రం ఉంచుకోండి, ధర, స్టాక్ ఫలితాల్లో కనబడడానికి పనికొస్తుంది.

రెండోదానికి: అన్ని కేటగిరీలూ ఒకేసారి మార్చకండి. మంగళగిరి నూలు, గద్వాల్ మార్చి, పోచంపల్లి, ఉప్పాడ కొన్నాళ్ళు అలాగే ఉంచండి. సెర్చ్ కన్సోల్ పెర్ఫార్మెన్స్ రిపోర్టులో ఒక్కో పేజీని ఎంచుకుని, ఏ వెతుకులాటలకి కనబడుతోందో చూడండి. సగటు ర్యాంకు కన్నా ముందు కొత్త మాటలు రావడం మొదలవుతుంది: ‘నిజాం బోర్డర్’, ‘80 కౌంట్’, ‘కుప్పడం’. అవి వస్తున్నాయంటే గూగుల్ మీ రాతని చదివి సరిగానే అర్థం చేసుకుంటోందన్నమాట. పోల్చేటప్పుడు పోయినేడాది ఇవే నెలలతో పోల్చండి, అందులో 16 నెలల డేటా ఉంటుంది. శ్రావణమాసంలో పెరిగినదాన్ని రాత వల్ల పెరిగిందనుకుంటే లెక్క తప్పుతుంది.

#24 మగ్గంగడప
ఏజెన్సీకి వద్దని చెప్పేశాను. ప్రొడక్టుల పేర్లు మార్చడం మొదలైంది, చెల్లి స్టాక్ పుస్తకం పక్కన పెట్టుకుని ఒక్కో చీర అంచు టేపుతో కొలుస్తోంది. గుంటమగ్గం అన్నా, గద్వాల్ పేజీ రాశాక ఇక్కడే పెడతాను, కోటకొమ్మ గురించి రాసింది సరిగ్గా ఉందో లేదో మీరే చూడాలి.

#25 గుంటమగ్గం
పెట్టండి తమ్ముడూ, తప్పకుండా చూస్తాను. అంచు దగ్గరగా తీసిన ఫొటో కూడా పెట్టండి, మాటకీ నేతకీ పొంతన కుదరాలి కదా.